శనివారం జానెడు

నవంబర్ 15, శుక్రవారం

ఇది మా సాక్షి పాత కాపీ, మరాఠీ బడి నోటుపుస్తకం. ముందు సగంలో దాని లెక్కలు, టీచరు పెట్టిన ఎర్ర గీతలు. వెనక సగం తెల్లగా మిగిలితే పారేయబుద్ధి కాలేదు. నాలుగో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలు ఇంకా చేతిలో ఉన్నాయో లేదో చూద్దామని కూర్చున్నాను. ఒత్తులు తప్పుతున్నాయి. తప్పనీ, ఎవరు చదవాలి కనక. కొడుకు కాశీనాథ్, కోడలు దీపాలి మరాఠీ బడిలో చదివారు, మనవరాలు సాక్షి అక్కడే ఆరో తరగతి. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. బీరువాలో పెట్టి తాళం వేసినా ఇంత భద్రం ఉండదు.

ఇవాళ మగ్గాలు బంద్. శుక్రవారం వస్తే నాకు భయం. కింద పది మగ్గాలూ ఆగిపోయాక నా ఛాతీలో చప్పుడు నాకు వినపడుతుంది. సన్నగా, ఎవరో దూరంగా ఈల వేస్తున్నట్టు. మిగిలిన ఆరు రోజులూ మగ్గాల మోతలో అది ఉన్నదో లేదో తెలియదు. తెలియకపోవడమే నయం.

మధ్యాహ్నం సాక్షి వచ్చి నా ఛాతీకి చెవి ఆనించింది. "బాపమ్మా, నీ లోపల గూడ పిల్లికూన ఉన్నది" అంది.

నీ లోపల గూడ అంది.

వారం చిందీ, మగ్గాల దగ్గర పోగయ్యే పీలికలూ ప్లాస్టిక్ సంచులూ, అంతా గోతానికి ఎత్తి, మూతి కట్టి, భూపతి సైజింగుకు పంపాను. ఆ పని అయింది. గ్యాసు మూత మూడుసార్లు చూశాను.

నవంబర్ 16

దగ్గు. పోపు ఘాటుకు.

నవంబర్ 18, సోమవారం

దీపాలి మా ఇద్దరినీ దవాఖానాకు తీసుకుపోయింది. సాక్షి కోసం పోతే డాక్టరమ్మ నన్ను కూడా పట్టుకుంది. గొట్టంలోకి ఊదమంది. ఊదాను. ఇంకా ఊదు ఆజీ, ఇంకా, ఇంకా అంటూ నా ఎదురుగా చేతులు ఊపింది. నా దగ్గర ఇంకా లేదు.

కాగితం చూసి "బీడీ పీతీ హో క్యా, ఆజీ?" అని అడిగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. నేను బీడీ తాగుతానా? తాగింది మా ఆయన. పేరు రాయకూడదంటారు గానీ ఈ పుస్తకంలో రాస్తే ఎవరికి తెలుసు: ఆగయ్య. ఆయన కూడా మానేసి ఇరవై ఏళ్ళయ్యాకే పోయాడు. అంటే మూడేళ్ళ కింద. చివరి రెండేళ్ళు దిండు మీద ముందుకు వంగి కూర్చునే ఉన్నాడు, పడుకుంటే ఊపిరి అందక. నేను ఆ రెండేళ్ళూ బీడీని తిట్టాను. బీడీని అంటే, ఆయన్నే.

"బిడ్డా, ఎందుకు తిడుతవే? మానేసి ఇరవై ఏండ్లాయె, అది నన్ను మర్చిపోయింది గని నువ్వు మర్చిపోతలేవు" అనేవాడు. నన్ను బిడ్డా అనేవాడు, కోపం వచ్చినప్పుడు.

మా ఊరు వదిలి ఈ మహారాష్ట్రకు, భివండికి వచ్చి ఎన్నేళ్ళు అని డాక్టరమ్మ అడిగింది. నలభై ఎనిమిది. పొయ్యి మీద వండావా? వండాను. మగ్గాల దగ్గర పని చేశావా? బట్ట మడతలు పెట్టి మచ్చలు చూసే పని, ముప్పై ఏళ్ళు. ఆమె అన్నీ రాసుకుంది. ఇది నిన్న మొన్న పట్టింది కాదు, దూదీ పొయ్యీ బయటి పొగా కలిసి ఏళ్ళ తరబడి లోపల పేరుకున్నది అంది. బీడీ ముట్టకుండానే నా ఊపిరితిత్తులు బీడీ తాగినవాళ్ళ మాదిరి అయ్యాయట.

సరే, నావి. సాక్షి మగ్గాల షెడ్డు గడప తొక్కదు, దీపాలి తొక్కనివ్వదు. పొయ్యి అది పుట్టకముందే పోయింది. మరి పదకొండేళ్ళ పిల్లకు ఏది పట్టింది?

ఇద్దరికీ పంపులు ఇచ్చింది, నోట్లో పెట్టి నొక్కుకునేవి. సాక్షిది అది వాడుకుంటోంది. నాది బియ్యం డబ్బా వెనక పెట్టాను. ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుందంటారు.

నవంబర్ 20, బుధవారం

సాక్షి తెల్ల యూనిఫాం మీద నల్ల నలకలు. దీపాలి రెండోసారి ఉతికింది. ఆరేస్తే మళ్ళీ అవే. వేలితో అద్దితే జిడ్డుగా సాగుతున్నాయి.

"ఉతుకుడే బతుకైంది అత్తమ్మా. ఈ నిజాంపుర వాడల తెల్లబట్ట కట్టుమన్నోన్ని దొరకబట్టాలె" అంది.

భూపతి సైజింగు పొగగొట్టం మా డాబా నుంచి మూడిళ్ళ అవతల. ఆ సైజింగులో మా నూలుకు గంజి పట్టి, బీములకు చుట్టి ఇస్తేనే మా మగ్గాలు ఆడతాయి. భూపతి మావాడే, మా కులపోడే, సమాజానికి పెద్ద. ఆగయ్య పోయినప్పుడు పాడె ఒక కొమ్ము పట్టాడు. అందుకని ఆ గొట్టం వైపు చూడటం మాకు అలవాటు లేదు.

ముప్పై ఏళ్ళు నేను చేసిన పని ఏమిటి? తాను విప్పి, ఒక్కొక్క మడత చూసి, మచ్చ ఎక్కడుంటే అక్కడ అంచుకు ఎర్ర దారం ముక్క కట్టడం. అంచున ఎన్ని ఎర్ర దారాలుంటే నేసినవాడి కూలి అంత తెగుతుంది. ఇంత కన్ను పెట్టుకుని డాబా మీద మచ్చను చూడలేనా?

కట్‌పీసుల మూట నుంచి తెల్ల తాను ముక్క తీశాను. పొడుగుగానే ఉంది. రెండు చివర్లా రెండు కర్రలు పెట్టి, ఒక కర్రకు అంతా చుట్టి, జానెడు మాత్రం బయటికి లాగి డాబా గోడ మీద పరిచాను. రేపు పొద్దున ఆ జానెడు రెండో కర్రకు చుట్టి, కొత్త జానెడు లాగాలి. మధ్యన పాత పేపరు పెట్టాలి, లేకపోతే మసి అంటుకుంటుంది. అచ్చం మగ్గం మీద బట్ట చుట్టుకున్నట్టే. దీపాలి చూసి నవ్వింది. నవ్వనీ.

నవంబర్ 22, శుక్రవారం

రెండు జానెలు అయ్యాయి. బూడిదరంగు.

చిందీ పంపాను. మూతి బిగించేటప్పుడు ఆయాసం వచ్చింది. వంగినందుకు.

నవంబర్ 24, ఆదివారం

పొద్దున నిన్నటి జానెడు చుట్టడానికి పోయి అట్లాగే నిలబడ్డాను. గురువారానిది, శుక్రవారానిది బూడిదరంగు. శనివారానిది నలుపు. చిన్న చిన్న నల్లటి పేలికలు, కాలిన ప్లాస్టిక్ ముడుచుకుంటుందే, అట్లాంటివి.

శనివారం ఏముంది? గాలి అటు తిరిగి ఉంటుంది.

నవంబర్ 26, మంగళవారం

సాక్షి బడి ఆటోలో ఊపిరి అందక పాలిపోయింది. ఆటో అతను బండి ఆపకుండా దవాఖానాకే తీసుకుపోయి మాకు ఫోను చేశాడు. వాడి పిల్లలు చల్లగుండాలి. ముక్కుకు మూత పెట్టి ఆవిరి మందు పట్టించారు. దాని మెడ దగ్గర గుంట లోపలికి పోయి బయటికి వస్తోంది, ఆగయ్యకు పోయినట్టే. నేను గోడ వైపు తిరిగాను.

ఇవాళ్టి జానెడు అంచుకు ఎర్ర దారం కట్టాను.

నవంబర్ 27

నిన్న రాయని మాట ఒకటి ఉంది. డాక్టరమ్మ చెప్పింది. పిల్లల ఊపిరితిత్తులు వాళ్ళతోపాటే పెరుగుతాయట, పద్దెనిమిది ఇరవై ఏళ్ళ దాకా. ఈ గాలిలో సాక్షివి పెరగాల్సినంత పెరగడం లేదట. వయసు దాటాక పెరగమన్నా పెరగవు. ఎంత పెరిగితే అంతతోనే జన్మంతా గడపాలి.

"ఇక్కడి నుంచి పంపించగలరా?" అని అడిగింది. ఎక్కడికి? మగ్గాలు ఇక్కడ. బడి ఇక్కడ. ఊళ్ళో ఇల్లు అమ్ముకుని వచ్చిన వాళ్ళం.

"గాలి అయినా బాగుపడాలి" అంది, మందు రాస్తూ, తల ఎత్తకుండా. అది కూడా ఒక మందే అన్నట్టు.

నా ఊపిరితిత్తులు పెరిగి, పని చేసి, పాడైపోయాయి. నాకు బెంగ లేదు. ఉంది, కానీ రాయను. సాక్షివి ఇప్పుడు పెరుగుతున్నాయి. ఇవాళ. నేను రాస్తుండగా.

నవంబర్ 28, గురువారం

భూపతి దగ్గరికి పోయాను. కాశీనాథ్‌కు చెప్పలేదు. చెబితే పోనివ్వడు.

"రా వదినె, రా. ఏ, కుర్సీ తెండ్రి. చాయ్ తెండ్రి" అని హడావిడి చేశాడు. మర్యాద తక్కువ చేయడు, ఆ మాట చెప్పాలి.

"తమ్మీ, నీ పొగకు పిల్ల సస్తున్నది" అన్నాను. ఎట్లా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చి, అట్లా మొదలుపెట్టాను.

"అయ్యో, గదేం మాట వదినె! మగ్గాల మీద నివాసం ఉండుకుంట దూది మింగేటోళ్ళు మీరు. అంజూర్ ఫాటా కాడ లారీలు చూసినవా, ఎంత పొగ? అండ్ల నా పొగ ఏదో పేరు రాసి ఉంటదా?"

"శనివారంది నీదే. నా బట్ట మీద ఉన్నది."

అతను నా వైపు చూసి నవ్వాడు. "శనివారమా? నువ్వే అడుగుతున్నవా వదినె, శనివారం సంగతి?" అన్నాడు. ఎందుకట్లా అన్నాడో నాకు అర్థం కాలేదు. చాయ్ తాగి వచ్చాను. చక్కెర ఎక్కువైంది.

నవంబర్ 29, శుక్రవారం

చిందీ పంపాను.

డిసెంబర్ 1

శనివారం జానెడు మళ్ళీ నలుపు. గాలి.

డిసెంబర్ 6, శుక్రవారం

చిందీ ఈసారి రెండు గోతాలు. కొత్త దారం వచ్చింది, దాని ప్లాస్టిక్ సంచులు చాలా పోగయ్యాయి. ముందు పంపినవాళ్ళకే భూపతి ముందు బీములిస్తాడు, అందుకని పొద్దున్నే పంపాను.

దగ్గు. మిరపకాయలు వేయించాం.

డిసెంబర్ 7, శనివారం

బీములు ఎప్పుడిస్తాడో కనుక్కుని రమ్మని కాశీనాథ్ పంపాడు. భూపతి లేడు. వెనక గేటు తెరిచి ఉంది. గంజి కాచే బాయిలరు దగ్గర గోతాలు, నా ఎత్తు కన్నా ఎత్తుగా. ఒకతను ఒక్కొక్కటి ఎత్తి, మూతి కూడా విప్పకుండా లోపలికి తోస్తున్నాడు.

నా గోతాలు పైనే ఉన్నాయి.

నావని ఎట్లా తెలుసంటే, నా ముడి. నూలు తెగితే వేసే నేతముడే వేసి, దాని మీద నీలం అంచు గుడ్డ రెండు చుట్లు తిప్పుతాను. నాకు మా అమ్మ నేర్పింది. ఈ వాడలో ఇంకెవరికీ రాదు.

మొదటిది లోపలికి పోయింది. నీలం గుడ్డ ఒక్కసారి భగ్గుమంది. తర్వాత రెండోది.

బీముల సంగతి అడగకుండా వచ్చాను.

డిసెంబర్ 8

రాయలేను.

డిసెంబర్ 10, మంగళవారం

నాకు తెలియదు. చిందీని ఏం చేస్తారో నేనెప్పుడూ అడగలేదు. ఎవరూ అడగలేదు. ఎత్తి ఇవ్వడం, బీము తెచ్చుకోవడం, అంతే. అదివరకు పత్తి నూలు ఉన్నప్పుడు పరుపులవాడు పట్టుకుపోయేవాడు. పాలిస్టర్ వచ్చాక వాడు రాలేదు, సైజింగువాళ్ళే తీసుకుంటామన్నారు. ఇల్లు శుభ్రమైతే చాలనుకున్నాను.

పదిహేనేళ్ళుగా ప్రతి శుక్రవారం.

ఒక్క గోతంతో ఏమవుతుంది, ఇంత ఊళ్ళో?

డిసెంబర్ 11

నాకు తెలుసు. పూర్తిగా తెలియదని రాయడం అబద్ధం. బాయిలరు తింటుందని తెలుసు. మచ్చలు చూసే కన్ను నాది, కనపడకుండా ఎట్లా ఉంటుంది? కళ్ళ ముందున్నదాన్ని చూడకుండా ఉండటం నేర్చుకున్నాను.

ఆగయ్య దిండు మీద వంగి కూర్చున్న రెండేళ్ళూ ఆయన ఎదురుగానే గోతాలు కట్టాను. "ఒక చేత్తో దగ్గుకు కషాయం, ఒక చేత్తో బీడీకి తిట్లు, మూడో చెయ్యి ఉంటే బాగుండు గోతానికి" అని నవ్వేవాడు. నవ్వితే దగ్గు వచ్చేది.

బీడీ ఆయన్ని మర్చిపోయిందన్నాడు. నేను ఆ మాట నమ్మలేదు.

డిసెంబర్ 13, శుక్రవారం

పంపలేదు.

కాశీనాథ్ గోతం గడపలో చూసి "అవ్వా, ఇదింకా ఈడనే ఉన్నదేంది?" అన్నాడు.

"పోదు."

"పోదు అంటే?"

"మన గోతం ఇగ సైజింగుకు పోదు. పిల్ల ముక్కులకు పోతున్నది అది."

వాడు తల పట్టుకున్నాడు. "నీకేమన్న అయిందా? భూపతికాక బీములు ఆపితే పది మగ్గాలు పడుకుంటయ్. అప్పుడు పిల్లకు మందులు ఎక్కడికెళ్ళి దెస్త? చెప్పు."

అయినా ఇవ్వలేదు. గోతాన్ని నా మంచం కింద తోశాను. మంచం కాస్త ఎత్తయింది.

డిసెంబర్ 15, ఆదివారం

ఆశతో డాబా ఎక్కాను. నా గోతం లేని శనివారం. జానెడు నలుపు. ఇంతకుముందు ఎంత ఉందో అంతే.

దీపాలి వెనక నిలబడి చూసింది. "చూసినవా అత్తమ్మా, నీ ఒక్కదానితోని ఏమైతది?" అంది. దెప్పడానికి కాదు, అలసిపోయి అంది. బట్టలు మూడోసారి ఉతుకుతోంది.

ఒక్కదానితో ఏమీ కాదు. అయితే ఒక్కదాన్ని ఎందుకు ఉండాలి?

డిసెంబర్ 16

మా వరుసలో మగ్గాలున్న ఇళ్ళు ఇరవై రెండు. రేపు సుందరలక్ష్మి ఇంటితో మొదలు.

డిసెంబర్ 17, మంగళవారం

సుందరలక్ష్మి మా పక్కింటిదే. ఎనిమిది మగ్గాలు, నోరు పదహారు మగ్గాలది.

"అయితె నా చిందీ ఎక్కడ పోసుకోవాలె అక్కా? నా నెత్తిన పోసుకోవాల్నా?"

"మంచం కింద పెట్టు. నేను పెట్టిన."

"నీకు మొగడు లేడు, మంచం కింద ఖాళీ ఉన్నది. నా మంచం మీదనే జాగ లేదు" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వితే దగ్గు వచ్చింది, ఆగలేదు, ఆమె గడప మీదే కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది. వీపు రుద్దుతూ ఉంది. రుద్దుతూ రుద్దుతూ చెప్పింది, వాళ్ళ అత్తకు కూడా ఇట్లాగే ఈల వస్తోందని, చిన్నోడికి ఏడాదిగా జలుబు తగ్గడం లేదని. కారణం గంజి వాసన అనుకున్నారట. ఎవరి ఇంట్లో ఏ కారణం దొరికితే అది పెట్టుకున్నాం. మా ఇంట్లో బీడీ.

నా దగ్గు చెయ్యని పని లేదు. ఇవాళ నా తరపున మాట్లాడింది.

డిసెంబర్ 20, శుక్రవారం

ఏడు ఇళ్ళు పంపలేదు.

భూపతి మా బీములు ఆపాడు. మిగతా ఆరు ఇళ్ళవి ఆపలేదు, మావే. మొదలుపెట్టింది ఎవరో తెలుసు కదా.

డిసెంబర్ 24, మంగళవారం

ఆరు మగ్గాలు పడుకున్నాయి. కింద సగం నిశ్శబ్దం. మంగళవారం నాడు నా ఛాతీ చప్పుడు వినడం ఇదే మొదటిసారి. కాశీనాథ్ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటాడు, కంచం నేల మీద పెట్టే చప్పుడులో మాట్లాడతాడు.

సాక్షి మధ్యలో దూతలా తిరుగుతోంది. "బాపమ్మా, పప్పా బోల్ రహే, నీ గోతాలు తీసెయ్యుమని. మైనే బోల్ దియా, అవి నా గోతాలు అని."

నేను వాడి బాధ చూడలేక రెండుసార్లు మంచం కింద చేయి పెట్టాను. గోతం మూతి తగిలింది, నా ముడి. మళ్ళీ చేయి తీసేశాను. ఈ ముడి నేను కట్టింది, ఇంకొకరు విప్పేది కాదు.

జనవరి 1

పదమూడు ఇళ్ళు. చీటీ పాటకు వచ్చినవాళ్ళతో, నల్లా దగ్గర, పెళ్ళి పిలుపుకు పోయి, దొరికినచోటల్లా చెప్పాను. సుందరలక్ష్మి మరీ ఘోరం. ఎవరైనా వాదిస్తే "అయితె నా అత్తను మీ ఇంట్ల ఒక్క దినం పండబెట్టుకో, ఆ ఈల పాట ఇను" అంటోంది.

సాక్షి టీచరు మరాఠీలో అర్జీ రాసింది. పిల్లల అమ్మలు సంతకాలు పెట్టారు. పొగ చూసే ఆఫీసు నుంచి సాహెబ్ తొమ్మిదో తారీకున బడికి వస్తాడట.

జనవరి 5, ఆదివారం

శనివారం జానెడు బూడిదరంగు!

మూడుసార్లు చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. కిందకు దిగి దీపాలిని పిలుచుకొచ్చి చూపించాను. ఆమె వేలితో అద్ది, వేలు చూసుకుంది. తర్వాత మంచం కింద గోతాలు సర్ది, ఇంకో గోతానికి జాగా చేసింది.

జనవరి 8

రేపు. నిద్ర పట్టదు. బట్ట పదకొండు మీటర్లు దాటింది. చిరిగితే? వాన పడితే? జనవరిలో వాన ఏమిటి. సాహెబ్ మరాఠీ మాట్లాడితే? నాకు బజారు హిందీ తప్ప రాదు. పాడె మోసినవాడి మీద చెప్పబోతున్నాను. ఆగయ్య ఏమనేవాడో.

జనవరి 9, గురువారం

పోయాను. అన్నీ రాస్తాను.

బడి హాలు నిండిపోయింది. భూపతి ముందు వరుసలో తెల్ల చొక్కా వేసుకుని. ఆ చొక్కా ఎక్కడ ఆరేస్తాడో. టీచరు అర్జీ చదివింది. సాహెబ్ తల ఊపాడు, రాసుకున్నాడు, చూస్తాం అన్నాడు. అందరూ లేవబోతున్నారు.

నేను లేచాను. సుందరలక్ష్మి ఒక చివర పట్టింది, ఇంకో చివర దీపాలి. దీపాలి వస్తుందని నేననుకోలేదు. పేపర్లు తీస్తూ బట్ట విప్పాం, హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. యాభై జానెలు. బూడిద, బూడిద, నలుపు. బూడిద, నలుపు. ఆరు చోట్ల ఎర్ర దారం, సాక్షి దవాఖానాకు పోయిన రోజులు. ఆ హాలులో ఉన్న ప్రతివాడూ నేతవాడే, బట్ట చదవడం ఎవరికీ నేర్పక్కర్లేదు.

సాహెబ్ చూశాడు. మంచివాడే. "ఆజీ, బాగుంది కానీ ఇది లెక్కలోకి రాదు. మచ్చ చూసి నోటీసు ఇవ్వలేం. మిషన్ పెట్టి కొలవాలి" అన్నాడు హిందీలో.

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊపిరి. నా హిందీలో అన్నాను, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "సాబ్, ముప్పై ఏండ్లు మచ్చ చూసే మా కూలి కోసిండ్రు. నేనే ఎర్ర దారం కట్టిన, వీళ్ళందరి కూలి కోసిండ్రు. ఒక్కనాడు ఎవ్వరు మిషన్ అడగలే. మిషన్ పెట్టుండ్రి, వద్దంటలేను. పెట్టేదాక నా కన్ను నమ్ముండ్రి."

వెనక మగవాళ్ళలో ఎవరో "నిజమే" అన్నారు.

అప్పుడు భూపతి లేచాడు. "సాబ్, ఈ వదినె నాకు తల్లి లెక్క. గని ఒక్కటి అడుగుండ్రి. నా బాయిలర్ల కాలిన చిందీ ఎవరిది? నేను ఇంటింటికి పోయి గుంజుకొచ్చిన్నా? ఈమె కట్టిన ముడి నేను చీకట్ల గూడ గుర్తుపడ్త. పదిహేనేండ్ల సంది పంపింది. చెప్పు వదినె, అబద్ధమా?"

హాలంతా నా వైపు తిరిగింది. కాశీనాథ్ వాకిలి దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. సాక్షి టీచరు పక్కన.

జాకెట్టులో ఎర్ర దారం ఉంది. మొదటి శనివారం జానెడు దగ్గరికి పోయి, నలుగురూ చూస్తుండగా, దాని అంచుకు ఒకటి, రెండో శనివారందానికి ఒకటి కట్టాను. డిసెంబర్ ఏడో తారీకుదానికి రెండు కట్టాను, రెండు గోతాలకు.

"నాదే" అన్నాను. "ఈ మచ్చ నాది. నా చేతులతోని కట్టి పంపిన. నా మొగడు గీ పొగలనే పోయిండు, అయినా పంపిన. రాసుకో సాబ్. ముందు నా పేరు రాయి, రాజమణి అని. దాని కింద భూపతి పేరు రాయి. నేను మానుకున్న. ఆయన ఎప్పుడు మానుకుంటడో అడుగు."

భూపతి కూర్చున్నాడు.

సాహెబ్ బాయిలరు చూస్తానని లేస్తే "ఇయ్యాల గురువారం. గురువారం వచ్చి ఏం చూస్తవు? శనివారం రా, చెప్పకుంట రా" అన్నాను. ఆడవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు.

ఇంటికొచ్చేదాకా కాశీనాథ్ బట్ట చుట్ట భుజాన మోశాడు. పేపర్లు మధ్య మధ్యన సరిగ్గా పెట్టి చుట్టాడు.

జనవరి 11, శనివారం

వచ్చాడు. చెప్పకుండానే. బాయిలరు దగ్గర ఇంకా తొమ్మిది ఇళ్ళ గోతాలు ఉన్నాయి. సైజింగుకు తాళం పడింది.

జనవరి 14

వాడలో ఎవరికీ బీములు లేవు. మగవాళ్ళు మా ఇంటి ముందు నుంచి పోతూ వినపడేటట్టే అంటున్నారు, ముసల్దానికి ఊపిరాడాలంటే మేమంతా ఆపుకోవాల్నా అని. నల్లా దగ్గర నాకు జాగా ఇచ్చేవాళ్ళు సగం తగ్గారు. అది రాయకుండా ఉండలేను, నాకు నొప్పి కలిగింది.

కాశీనాథ్ అంజూర్ ఫాటా అవతల ఇంకో సైజింగు వెతికాడు. గ్యాసుతో నడుస్తుందట. దూరం, టెంపో కిరాయి ఎక్కువ. అయినా నాలుగు బీములు తెచ్చాడు. దింపుతూ పక్కింటివాళ్ళకు కూడా చెబుతున్నాడు, కలిసి టెంపో కట్టుకుందామని. నాకు చెప్పలేదు. నేను పై నుంచి విన్నాను.

జనవరి 20

దవాఖానా. సాక్షి ఊదింది. అప్పుడే ఏమీ చెప్పలేం, ఏడాది చూడాలి అంది డాక్టరమ్మ. ఈ నెలలో ఒక్కసారి కూడా ఆవిరి మందు పట్టలేదని దీపాలి చెప్పింది. నావి మాత్రం వెనక్కి రావట. "పంపు వాడుతున్నారా?" అని అడిగితే వాడుతున్నానన్నాను.

జనవరి 28

సైజింగు తెరిచారు. కట్టెలు మాత్రమే కాల్చాలని రాయించుకున్నారట. మిషన్ పెడతామన్నవాళ్ళు ఇంకా పెట్టలేదు. చిందీకి బండి పంపుతామన్న మున్సిపాలిటీవాళ్ళు కూడా రాలేదు. నా మంచం కింద ఎనిమిది గోతాలు. ఎక్కడానికి పీట వేసుకుంటున్నాను.

ఫిబ్రవరి 1, శనివారం

భూపతి స్వయంగా మెట్లెక్కి డాబా మీదికి వచ్చాడు. అతనికీ ఆయాసం ఉంది. మూడంతస్తులకే గోడ పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ గొట్టం కిందనే కూర్చున్నవాడు కదా. నాకు ఇంతకుముందు తోచలేదు.

"వదినె, నీ మాటే గెలిచింది. కట్టెలే కాలుస్తున్న. ఇగ ఆ బట్ట తీసెయ్యి. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు చూసి నవ్వుతున్నరు."

"తియ్య."

"ఎన్నొద్దులు ఉంచుతవు?"

"సాక్షికి ఇరవై వచ్చేదాక."

లెక్క వేసుకున్నాడు. "తొమ్మిదేండ్లా? అప్పటిదాక నువ్వుండాలె గద" అన్నాడు, మెల్లగా.

"నేను లేకుంటె పిల్ల చుడుతది. నేర్పిన. తమ్మీ, కూసో, నీళ్ళు తాగు. నీ ఛాతీల ఈల వస్తున్నది, విన్నవా?"

అతను వినలేదన్నాడు. సైజింగులో మోతకు వినపడదు.

అతను దిగిపోయాక బియ్యం డబ్బా వెనక నుంచి పంపు తీశాను. సాక్షి చూపించింది, ఎట్లా పట్టుకోవాలో, ఎప్పుడు నొక్కాలో. "గుంజు బాపమ్మా, అంతా గుంజు. అభీ రోక్." చేదుగా ఉంది. ఆపి పట్టుకున్నాను, అది వేళ్ళ మీద పది లెక్కపెట్టేదాకా.

ఫిబ్రవరి 2, ఆదివారం

శనివారం జానెడు లేత బూడిద. మూడు నలకలు. మూడూ రాసుకున్నాను.

దగ్గు. ఇవాళ పోపు పెట్టలేదు.

కొత్త జానెడు లాగాను.